వేషమూ తనదే, గొంతూ తనదే – చిత్తూరు వి. నాగయ్య గారు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు, డి.ఏ. బకాయిల మీదో హెల్త్ కార్డుల మీదో రాయమంటారనుకున్నాను. "అవి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, మీరు పాత సంగతులేవైనా రాయండి" అన్నారు. పాత సంగతులనగానే నాకు ముందు గుర్తొచ్చేది మా నాన్నగారి హార్మోనియం పెట్టె. ఆ పెట్టె వెంబడే చిత్తూరు వి. నాగయ్య గారు.

నాలాగా 1950 ప్రాంతాల్లో పుట్టిన వాళ్లకు నాగయ్య గారంటే ముసలి వేషాలాయనే. 'పాండురంగ మహత్యం' (1957)లో పుండరీకుడి తండ్రి, 'మూగమనసులు' (1964)లో జమీందారు. ఆ చల్లని చూపు, ఆ నిదానపు మాట, తలమీద చెయ్యిపెట్టి దీవించడం. చిన్నతనంలో మేం ఆయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం. ఒకసారి నాన్నగారు విని కోప్పడ్డారు. "మీరు చూసింది నాగయ్యని కాదురా, ఆయన వయసుని" అన్నారు. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఆయన 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. అప్పుడది గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. పుట్టింది రేపల్లె అయినా పేరుకు ముందు చేరింది చిత్తూరు. అక్కడి రామవిలాస సభలో 'సారంగధర' వంటి నాటకాలాడి పేరు తెచ్చుకున్నందువల్ల ఆ ఊరు ఆయనకు ఇంటిపేరంత అయిపోయింది. మన వాళ్లు గమనించవలసిన సంగతి ఇంకొకటుంది. చదువయ్యాక కొంతకాలం ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశారంటారు. తరువాత ఆంధ్రపత్రికలో ఉన్నారు. అంటే మన కుర్చీలో కాసేపు కూర్చుని లేచిపోయిన మనిషే. లేచినందుకు తెలుగువాళ్లు ఆ కుర్చీకి రుణపడి ఉండాలి.

1938లో హెచ్.ఎం.రెడ్డి గారి 'గృహలక్ష్మి'లో మొదటి వేషం. అప్పటికి ఆయనకు ముప్ఫై నాలుగేళ్లు. మన సర్వీసు రూల్సు ప్రకారమైతే ఆ రోజుల్లో ఏజ్ బారే. అది కథానాయకుడి పాత్ర కూడా కాదు, ఒక సంఘసంస్కర్త పాత్ర. అందులో కల్లు మానమని ఆయన పాడిన పాటను మా నాన్నగారు బడిపిల్లల చేత పాడించేవారట. ఆ మరుసటి సంవత్సరమే బి.ఎన్.రెడ్డి గారు వాహినీ సంస్థ తొలి చిత్రం 'వందేమాతరం'లో కాంచనమాల సరసన ఆయన్ని నాయకుణ్ణి చేశారు. అంతటితో ఆగలేదు. సంగీతం కూడా ఆయనకే అప్పగించారు.

ఆ రోజుల్లో పాడడం రానివాడికి తెరమీద పెద్ద వేషం దొరకడం కష్టం. తెలుగులో మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అప్పటి నుంచి చాలాకాలం నటుడు కెమెరా ముందు నిలబడి అప్పటికప్పుడు పాడవలసిందే. హార్మోనియం, తబలా, ఫిడేలు వాళ్లు ఏ చెట్టు చాటునో, తెర చాటునో కెమెరాకు కనపడకుండా సర్దుకుని కూర్చునేవారు. పాట తప్పితే వేషం మళ్లీ మొదలు, వేషం తప్పితే పాట మళ్లీ మొదలు. అందుకే నాటకాల నుంచి గొంతున్న వాళ్లంతా సినిమాకు తరలివెళ్లారు. కాని ఒక చిక్కు వచ్చింది. నాటకంలో మైకు ఉండేది కాదు. ఆఖరి వరసలో చాప వేసుకుని కూర్చున్నవాడికి వినపడాలంటే పై స్థాయిలో ఎత్తుకోవాలి. రాగం ఎంత లాగితే అన్ని వన్స్ మోర్లు. ఆ అలవాటుతోనే సినిమా మైకు ముందు కూడా పాడితే, రాజు ఏడుస్తున్నాడో కచేరీ చేస్తున్నాడో తెలిసేది కాదు.

ఈ చిక్కును విడదీసింది నాగయ్య గారేనని నా అభిప్రాయం. మైకు చెంత ఉన్నప్పుడు అరవనక్కరలేదన్న సంగతి ఆయనకు ముందే తెలిసిపోయింది. 'భక్త పోతన' చూసినవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. యుద్ధ భయంతో మద్రాసు సగం ఖాళీ అయిన 1942–43 నాటి సినిమా, దర్శకులు కె.వి.రెడ్డి గారు. అందులో పోతన పద్యం పాడుతున్నట్లుండదు, పద్యం అప్పుడే తోస్తున్నట్లుంటుంది. మాట ఎక్కడ పద్యమైందో, పద్యం ఎక్కడ మళ్లీ మాటైందో అతుకు కనపడదు. సంగీతమూ ఆయనదే కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆ పాత్రే నిర్ణయించుకున్నట్లుంటుంది. హార్మోనియం వాయించే మా నాన్నగారు దీన్ని ఒక్క ముక్కలో చెప్పేవారు: "మిగతావాళ్లు శ్రుతిలో పాడతారు, ఈయన ఏడుపు కూడా శ్రుతిలోనే ఏడుస్తాడు."

'సుమంగళి' (1940), 'దేవత' (1941) మీద కూడా రాయవచ్చు గాని, చోటు చాలదు. అరవంలో 'అశోక్ కుమార్' (1941)లో అశోక చక్రవర్తిగా వేశారు. కుమారుడు కునాలుడుగా వేసినవారు అరవ దేశమంతా వెర్రెత్తించిన గాయక నటుడు త్యాగరాజ భాగవతార్ గారు. 1945లో 'మీరా'లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారి సరసన రాణా వేషం. ఇంత పాటగాడు, పాడే భార్యను అర్థం చేసుకోలేని భర్తగా నటించవలసి వచ్చింది.

ఇక 'త్యాగయ్య'. 1946లో రేణుకా ఫిలిమ్స్ పేర సొంతంగా తీశారు. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే, సంగీతం ఆయనదే, వేషం ఆయనదే, గొంతూ ఆయనదే. త్యాగరాజస్వామి కీర్తనలు పాతిక పైచిలుకు ఉన్నాయి అందులో. మా నాన్నగారు అప్పుడు డిస్ట్రిక్ట్ బోర్డు స్కూల్లో మాస్టారు. కొత్తగా పెళ్లైంది. మా ఊరి నుంచి ఎడ్లబండి కట్టించుకుని అమ్మను తీసుకుని తెనాలి వెళ్లి చూశారు. అమ్మ ఆ సంగతి చివరిదాకా చెప్పేది. అన్న జపేశుడు (ముదిగొండ లింగమూర్తి గారు) పూజా విగ్రహాలు కావేరిలో పారేసిన ఘట్టంలో హాల్లో ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారట. "మీ నాన్న కూడా ఏడ్చారు, బండిలో అడిగితే దుమ్ము పడిందన్నారు" అని నవ్వేది. కచేరీలకు వెళ్లే అలవాటు, స్తోమతు లేని మా వంటి పల్లెటూళ్ల వాళ్లకు త్యాగరాజస్వామి ఇంటిమనిషైపోయింది ఆ సినిమాతోనే. ఆ కీర్తనలు మా అమ్మ పెరుగు చిలుకుతూ పాడేది. రాగం పేరు అడిగితే తెలియదు.

1947లో 'యోగి వేమన'. అన్న కూతురి మీద ప్రాణం పెట్టుకున్న వేమన, బంగారం చేసే విద్య కోసం తిరిగి తిరిగి ఇంటికి వచ్చేసరికి ఆ బిడ్డ లేదు. నాకడిగితే ఆయన నటనకు అదే పరాకాష్ఠ. కె.వి.రెడ్డి గారే దర్శకులు.

ఇక్కడే చెప్పవలసిన సంగతి ఉంది. ఈలోగా పాటను ముందే రికార్డు చేసుకుని తరువాత నటించే పద్ధతి వచ్చింది. దానితోపాటే ఒకరు పాడితే మరొకరు పెదవులు కదిపే పద్ధతీ వచ్చింది. 1945 నాటి 'స్వర్గసీమ'లో నాగయ్య గారే నాయకుడు, సంగీత బాధ్యతా ఆయనదే. భానుమతి గారు సొంత గొంతుతో పాడే నటి. ఆ చిత్రంలోనే ఆమెతో కలిసి ఒక కుర్రవాడు పాడాడు. విజయనగరంలో సంగీతం నేర్చి, క్విట్ ఇండియాలో జైలుకు వెళ్లివచ్చి, సముద్రాల వారి ఆసరాతో మద్రాసు చేరినవాడు. ఆయనే ఘంటసాల వెంకటేశ్వరరావు గారు. నేపథ్య గాయకుడిగా మొదటి గుర్తింపు అక్కడే. ఆ తరువాత పదేళ్లలో తెలుగు సినిమా నాయకుడంటే రూపం ఒకరిది, గొంతు ఘంటసాలది. మైకుకు తగ్గట్టు, భావం చెడకుండా పద్యం చదవడమన్న దారి నాగయ్య గారు వేశారు, ఆ దారిన ఘంటసాల గారు బండి తోలారు. ఆ దారే నాగయ్య గారికి పని తగ్గించింది కూడా. పాడగలిగిన నటుడే కావాలన్న అవసరం పోయింది కదా.

దీన్ని ఆయన ఎలా తీసుకున్నారో ఆయన పని చూస్తే తెలుస్తుంది. 1964లో తన దర్శకత్వంలో 'భక్త రామదాసు' తీశారు. అందులో కబీరుగా గుమ్మడి గారు వేస్తే, ఆ పాత్రకు గొంతు ఎవరిదనుకున్నారు? బొంబాయి మహమ్మద్ రఫీ గారిది. జీవితమంతా తన గొంతుతో బతికిన మనిషి, పరభాషా గాయకుడి చేత తెలుగు పాడించి తన సినిమాలో పెట్టుకున్నారు.

డబ్బు సంగతి రాయక తప్పదు. దక్షిణాదిన ఎక్కువ పారితోషికం తీసుకున్న నటుల్లో ఒకప్పుడు ఆయన ముందువరసలో ఉన్నారు. ఇంట్లో రోజూ పంక్తిభోజనాలు, అడిగిన వాడికి లేదనకపోవడం, సొంత చిత్రాల్లో నష్టాలు. చివరి రోజుల్లో చిన్నచిన్న వేషాలకు చిన్నచిన్న మొత్తాలకు ఒప్పుకోవలసి వచ్చింది. 1965లో పద్మశ్రీ వచ్చింది. వయసు అరవై ఒకటి. మన లెక్కలో ఎప్పుడో రిటైరై, పెన్షన్ పేపర్లు ట్రెజరీలో ఉండవలసిన వయసు. ఆయనకు ట్రెజరీ లేదు, జి.పి.ఎఫ్. లేదు. మేకప్ వేసుకుంటేనే పొయ్యి వెలిగేది.

నాకూ కొంచెం గొంతుండేది. పద్యాలు పాడతానని, నాటక సమాజంలో చేరతానని ఇంటర్మీడియెట్ కాగానే అన్నాను. నాగయ్య గారంటే ప్రాణమిచ్చే మా నాన్నగారే వద్దన్నారు. "ఆయన పాట నేర్చుకో, ఆయన లెక్కలు నేర్చుకోకు" అని సర్వీసు కమిషన్ అప్లికేషను తానే తెచ్చి నింపించారు. 1971లో ఎల్.డి.సి.గా చేరాను. ఆ మరుసటి ఏడు చివర జై ఆంధ్ర సమ్మె. నెలల తరబడి జీతాల్లేవు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు నాన్నగారు నాతో చెప్పకుండా హార్మోనియం అమ్మేశారు. అప్పటికి నాది ఉద్యోగం, ఆయనది పాట. ఉద్యోగం ఉన్న ఇంట్లో ఆదుకున్నది పాటే. ఈ లెక్క నాకు ఇప్పటికీ తేలలేదు.

1973 డిసెంబరు 30న నాగయ్య గారు పోయారు. ఆ రాత్రి నాన్నగారు అన్నం తినలేదు. నెలన్నర తిరగకుండానే, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారూ పోయారు. మద్రాసు పానగల్ పార్కులో నాగయ్య గారి విగ్రహం ఉంది. ఆఫీసు పనిమీద వెళ్లినప్పుడు చూసి వచ్చాను.

1980లో 'శంకరాభరణం' వచ్చినప్పుడు మా ఆఫీసంతా గర్వపడింది. శంకరశాస్త్రిగా వేసిన జె.వి.సోమయాజులు గారు మన రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. ఆయనే మరుసటి ఏడు బాపు గారి 'త్యాగయ్య'లోనూ వేశారు. రెండింటా పాట బాలసుబ్రహ్మణ్యం గారిది. చక్కగా అతికింది, కాదనను. నాన్నగారు కూడా మెచ్చుకున్నారు. అయితే ఇంటికి వస్తూ, "ఇద్దరు కలిస్తే ఇంతైందిరా" అన్నారు.

మొన్న సంక్రాంతికి మా మనవడు వచ్చి సెల్‌ఫోనులో 'లవకుశ' పెట్టాడు. 1963 నాటి రంగుల చిత్రం, సంగీతం ఘంటసాల గారు. వాల్మీకి ఆశ్రమంలో పిల్లలిద్దరూ రామకథ పాడుతుంటే, వాడు తెరమీద గడ్డం ముని మీద వేలు పెట్టి, "ఈ తాతకి కూడా పాట వచ్చా తాతయ్యా?" అని అడిగాడు. ఫోను వాడి చేతుల్లోంచి తీసుకుని 'భక్త పోతన' వెతికి పెట్టాను. బొమ్మ మసకగా ఉంది. వాడు రెండు పద్యాలదాకా కదలకుండా కూర్చున్నాడు.