ఒకే కథ, మూడు సినిమాలు: ‘ది స్క్వా మ్యాన్’ సింహావలోకనం

సెసిల్ బి. డెమిల్ ఈ కథను 1914లో, 1918లో, 1931లో మూడుసార్లు సినిమాగా తీశాడు. అంతకుముందే 1905లో ఎడ్విన్ మిల్టన్ రాయిల్ నాటకంగా బ్రాడ్‌వేలో అది బాగా ఆడింది. అందులో దుష్టుడి వేషం కట్టిన విలియం ఎస్. హార్ట్ ఆ తర్వాత మూకీ వెస్టర్న్‌లకు మకుటంలేని మహారాజయ్యాడు.

చేయని నేరం నెత్తిన వేసుకుని జిమ్ అనే ఆంగ్లేయుడు వయోమింగ్ చేరతాడు. తన ప్రాణం కాపాడిన నాటురిచ్ అనే ఆదివాసీ యువతిని పెళ్లాడతాడు, కొడుకు పుడతాడు. అంతలో ఇంగ్లండ్ నుంచి జమీందారీ, పాత ప్రేయసి రెండూ వెతుక్కుంటూ వస్తాయి. నాటురిచ్ తుపాకీతో ప్రాణం తీసుకుంటుంది. మూడు సినిమాల్లోనూ ఆమె చావాల్సిందే.

మొదటి సినిమాకు అయిన ఖర్చు సుమారు 15 వేల డాలర్లు. హాలీవుడ్‌లో తీసిన తొలి పూర్తినిడివి చిత్రంగా దానికి పేరు. జెస్సీ లాస్కీ, తర్వాత గోల్డ్‌విన్‌గా పేరు మార్చుకున్న శామ్యూల్ గోల్డ్‌ఫిష్ నిర్మాతలు. డెమిల్‌కు సినిమా కొత్త కాబట్టి అనుభవమున్న ఆస్కార్ అప్‌ఫెల్ తోడు దర్శకుడయ్యాడు. వైన్ వీధిలో అద్దెకు తీసుకున్న గుర్రాలశాలే స్టూడియో. యజమాని గుర్రాలు అక్కడే ఉండేవి. ఆయన బండి కడిగిన నీళ్లు తన గదిలోకి పారితే పాదాలు చెత్తబుట్టలో పెట్టుకుని కూర్చునేవాడినని డెమిల్ తర్వాత చెప్పుకున్నాడు.

పొదుపు ఒకసారి ప్రాణం మీదికే తెచ్చింది. ఫిల్ము అంచున చిల్లులు వేసే యంత్రాన్ని చవగ్గా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. తీరా వేసి చూస్తే తెర మీద బొమ్మ నిలవక ఎగిరెగిరి పడింది. కంపెనీ మునిగినట్టేనని అంతా హడలిపోయారు. ఫిలడెల్ఫియాలో సినీ నిర్మాత సీగ్‌మండ్ లూబిన్ లోపం ఎక్కడుందో పట్టేశాడు: చిల్లుల లెక్క తప్పింది. నెగెటివ్ అంచున సన్నని పట్టీ అతికించి, మళ్లీ చిల్లులు వేయించి గట్టెక్కించాడు. వసూళ్లు రెండు లక్షల డాలర్లు దాటాయి.

అయితే నా దృష్టిలో ఆ సినిమాకు అసలు విలువ నాటురిచ్‌గా నటించిన రెడ్ వింగ్ తెచ్చింది. నెబ్రాస్కాలోని విన్నెబేగో తెగలో పుట్టిన లిలియన్ సెంట్ సిర్ ఆమె. ఆదివాసీ నాయిక వేషం ఆదివాసీ స్త్రీకే దక్కింది. 1918లో అది శ్వేతజాతి నటి ఆన్ లిటిల్‌కు, 1931 టాకీలో మెక్సికన్ తార లూపే వేలెజ్‌కు వెళ్లింది. డబ్బూ హంగూ పెరిగేకొద్దీ ఈ ఒక్క విషయంలో హాలీవుడ్ వెనక్కి నడిచింది. 1931 సినిమా నష్టపోయింది, డెమిల్ ఎం.జి.ఎం. వదిలి పారమౌంట్‌కు తిరిగి వెళ్లాడు. 1918 దాంట్లో ఇప్పుడు చివరి రీలు మాత్రమే దొరుకుతోంది. 1914 సినిమా మిగిలింది. ఆ మూడింటిలో ముందు చూడాల్సింది కూడా అదే.