ఒకే నెల, ఒకే సినిమా

2023 ఫిబ్రవరి 2, గురువారం. రాత్రి పదకొండు దాటింది. టీవీ కట్టేసి పడుకుందామని మీరు రిమోట్ అందుకునేసరికి తెర అడుగున అక్షరాలు మారాయి. కె. విశ్వనాథ్ ఇక లేరు.

వాట్సాప్ తెరుస్తారు. చుట్టాల గ్రూపులో పొద్దున ఎవరో పెట్టిన ఆయన సినిమా పోస్టరు అలాగే ఉంది: శంకరాభరణం విడుదలై నేటికి 43 ఏళ్లు. 1980లో ఇదే తారీఖు. పొద్దుటి చప్పట్ల బొమ్మల కిందే ఇప్పుడు దణ్ణాల బొమ్మలు వరసకడుతున్నాయి. దర్శకుడు సాగర్ చెన్నైలో పోయారన్న వార్త కూడా ఇవాళే చూశారు మీరు. అయ్యో అనుకుని పనిలో పడిపోయారు. ఇప్పుడలా కుదరదు. లేచి కూర్చుంటారు.

తెల్లారి ఫిల్మ్‌నగర్‌లో విశ్వనాథ్ ఇంటి ముందు నిలబడ్డారు. వీధి నిండా టీవీ వ్యాన్లు. చిరంజీవి వచ్చారనగానే కెమెరాలన్నీ అటు పరిగెత్తుతాయి, గేటు పక్కన ఖాళీ అయిన జాగాలోకి మీరు జరుగుతారు. జనం మాటల్లో మళ్లీ మళ్లీ వినిపించేది ఖాకీ చొక్కా. దర్శకుడై కూడా సెట్లో పనివాళ్లలా ఖాకీ బట్టలే వేసుకునేవారు. ఇంకో మాటా చెవిన పడుతుంది: నిన్న ఆయన పాట రాయబోయారట, చెయ్యి సహకరించక కొడుకు చేత రాయిస్తూండగానే ఒరిగిపోయారట. పేపర్లలోనూ అదే వచ్చింది. రేపల్లె దగ్గర పెదపులివర్రులో పుట్టి, మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండు విభాగంలో పనిచేసి, 1965లో ఆత్మగౌరవంతో దర్శకుడైన మనిషి. ఆయన సినిమాల్లో నిశ్శబ్దాన్ని కూడా కొలిచి పెట్టినట్టుంటుంది. అది మైకుల దగ్గర గడిపిన ఆ ఏళ్ల చలవేనని నా నమ్మకం. ఆ రోజే పంజాగుట్టలో అంత్యక్రియలు.

శనివారం, నాలుగో తారీఖు. మళ్లీ టీవీ. ఈసారి చెన్నై, నుంగంబాకం, హాడోస్ రోడ్డు. పనమ్మాయి ఎంతసేపు బెల్లు కొట్టినా గాయని వాణీ జయరాం తలుపు తీయలేదు. లోపలికి వెళ్లి చూస్తే నేల మీద పడి ఉన్నారు, నుదుటి మీద దెబ్బ. 2018లో భర్త పోయినప్పటి నుంచీ ఒక్కరే ఉంటున్నారు. పద్మభూషణ్ ప్రకటించి పది రోజులే అయింది, ఇంకా చేతికందలేదు. చానళ్లు ఆ దెబ్బ చుట్టూనే తిరుగుతుంటాయి. మీరు టీవీ కట్టేస్తారు. మంచి పని చేశారు.

ఆవిడకు మూడు జాతీయ అవార్డులు. మొదటిది తమిళ సినిమా అపూర్వ రాగంగళ్‌కి. తక్కిన రెండూ విశ్వనాథ్ సినిమాలకే: శంకరాభరణం, స్వాతికిరణం. వెల్లూరులో పుట్టిన తమిళావిడ, మన తెలుగు కథల్లో పిల్లవాడి నోట పలికి రెండుసార్లు ఆ గౌరవం తెచ్చుకున్నారు.

ఫోన్లో శంకరాభరణం చివరి పాట పెట్టుకుంటారు. నిండు సభ. గురువు శంకరశాస్త్రి పాడుతున్నారు, అంటే ఆయనకు గొంతిచ్చిన బాలు పాడుతున్నారు. ఆయనా 2020 సెప్టెంబరులోనే వెళ్లిపోయారు. ఆయాసం, దగ్గు. పాట మధ్యలో తెగుతుంది. పక్కన కూర్చున్న కుర్రాడు అందుకుంటాడు. ఆ కుర్రాడి వేషం వేసింది తులసి అనే ఆడపిల్ల, గొంతు వాణీ జయరాంది. ఈ పాట ఇన్నేళ్లలో ఎన్నోసార్లు విన్నా, అలా అందుకునేచోట ఒళ్లు ఝల్లుమనకుండా ఉండదు మీకు.

పద్దెనిమిదిన శివరాత్రి. జాగారం చేస్తున్న ఇళ్లలోకి నటుడు తారకరత్న పోయారన్న వార్త వస్తుంది. జనవరి 27న కుప్పంలో ఓ రాజకీయ పాదయాత్రలో కుప్పకూలినప్పటి నుంచి బెంగళూరు ఆస్పత్రి బులెటిన్లు వింటూనే ఉన్నారందరూ. ముప్పై తొమ్మిదేళ్లు. ఇంకో నాలుగు రోజులాగితే పుట్టినరోజు. ఈ వయసు చావు గురించి ఏం రాసినా ఎబ్బెట్టుగానే ఉంటుంది.

ఇరవై ఒకటిన బెంగళూరులోనే ఇంకొకరు పోయారు, జి.జి. కృష్ణారావు. పేపర్లో చిన్న వార్త. “ఎవరాయన?” అని ఇంట్లో అడుగుతారు. శంకరాభరణం ఎడిటరు. సాగరసంగమం, స్వాతిముత్యం కూడా ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఆయన కోసం ఏ చానలూ వీధికి వ్యాను పంపలేదనే నా అనుమానం.

మళ్లీ ఆ చివరి పాటే పెట్టుకోండి. ఈసారి చెవి పక్కనపెట్టి కంటితో చూడండి. గురువు మొహం మీద ఎంతసేపు నిలవాలి, సభను ఎప్పుడు చూపాలి, కుర్రాడి దగ్గరికి ఏ క్షణాన వెళ్లాలి. ఫిల్ము ముక్కను కత్తిరించి టేపుతో అతికించే రోజులవి. ఒక్క క్షణం ముందు కోస్తే ఆ పిల్లవాడు పెద్దవాళ్ల మధ్య దూరినట్టుంటుంది, ఆలస్యమైతే పాట చచ్చిపోతుంది. మీ ఒళ్లు ఝల్లుమనడంలో సగం వాటా కృష్ణారావుది.

ఇరవై ఆరు, ఆదివారం. విశ్వనాథ్ గారి భార్య జయలక్ష్మి గారు పోయారు. పెద్దమ్మ ఫోను చేస్తుంది. “చూశావా, అచ్చం సినిమాలోలాగే! శంకరాభరణంలో ఆ కుర్రాడి తల్లి, తులసి పాత్ర, గురువుగారి పాదాల దగ్గర ప్రాణం వదిలినట్టు, ఈవిడా ఆయన వెనకే వెళ్లిపోయింది.”

మీకా మాట మింగుడుపడదు. ఎనభై దాటిన ఇల్లాలు, ముగ్గురు బిడ్డల తల్లి. ఆవిడనీ ఓ పాత్రగా మార్చేయాలా?

“అది సినిమా పెద్దమ్మా.”

“నాకు తెలీదా ఏంటి! మీ పెదనాన్నతో మొదటి వారంలోనే చూశా. హాల్లో పట్టుమని పదిమంది లేరు. బాగుందని అమ్మను తీసుకెళ్దామని తర్వాత వెళ్తే టికెట్లే దొరకలా, రిక్షా డబ్బులు దండగై ఇంటికొచ్చాం.”