జోస్ట్ గారి కుందేళ్ళు

గర్భంలోని పిండం మగదో ఆడదో ఎలా అవుతుందన్న ప్రశ్న చాల పురాతనమైనది. శుక్రం అధికమైతే పుత్రుడు, ఆర్తవం అధికమైతే పుత్రిక అన్నాడు సుశ్రుతుడు. తండ్రి బీజంలోని వేడిమి చాలకపోతే స్త్రీ పుడుతుందన్నాడు అరిస్టాటిల్. సుశ్రుతుడు కనీసం ఇద్దరికీ చెరొక ద్రవ్యాన్ని ఇచ్చాడు. అరిస్టాటిల్ మాత్రం స్త్రీని పూర్తికాని పురుషుడిగా తేల్చివేశాడు. ఆ మాట పాశ్చాత్య దేశాలలో రెండువేల ఏళ్ళు చెలామణి అయింది. 1947లో పారిస్ నగరంలో ఆల్ఫ్రెడ్ జోస్ట్ అనే 31 ఏళ్ళ శాస్త్రజ్ఞుడు ప్రకటించిన ప్రయోగఫలితం, పైపైన చూసేవారికి, ఈ అరిస్టాటిల్ వాదానికే మద్దతు పలికినట్లు తోస్తుంది. దానిని అలా చదివినవారు విద్వాంసులలోనూ ఉన్నారు. అసలు ఆయన చూసినదేమిటో చెప్పాలని ఈ టపా.

ముందు పద్ధతి సంగతి. గ్రంథి తీసివేయి, ఏమి లోపించిందో చూడు. తిరిగి పెట్టు, లోపించినది వచ్చిందో లేదో చూడు. వినాళగ్రంథుల శాస్త్రమంతా చాలాకాలం ఈ రెండు మెట్ల మీదనే నడిచింది. మొదటి మెట్టు మన రైతులకు కొత్త కాదు. విత్తు కొట్టిన ఎద్దుకు ఆబోతు పొగరు ఉండదని ఏ పల్లెలో తెలియదు? రెండవ మెట్టు ఎక్కినవాడు జర్మనీలోని గోటింగెన్ ఆచార్యుడు ఆర్నాల్డ్ బెర్తోల్డ్. ఆరు పుంజుపిల్లలను తీసుకొని, రెండింటికి విత్తులు పూర్తిగా తొలగించాడు. అవి బలిసి, తురాయి వాడి, కూత మరచాయి. తక్కిన నాలుగింటిలో విత్తును ఊడదీసి, నరాల సంబంధం లేకుండా, పేగుల నడుమ వదిలాడు. కొన్నింటికి ఒకదాని విత్తు మరొకదానికి మార్చాడు. అవి మామూలు పుంజుల వలెనే కూశాయి, పోట్లాడుకున్నాయి. నరాలు తెగినా పని జరిగింది కనుక ఆ ప్రభావం రక్తం ద్వారానే వెళ్ళాలని తేల్చి, 1849లో నాలుగైదు పుటల వ్యాసం రాశాడు. దానిని ఎవరూ పట్టించుకోలేదు. ‘హార్మోన్’ అనే మాట పుట్టడానికే 1905 దాకా, స్టార్లింగ్ దాకా ఆగవలసివచ్చింది.

బెర్తోల్డ్ చూసినది పుట్టిన పుంజులను. గర్భంలోనూ ఇదే జరుగుతుందా అన్న అనుమానాన్ని లేపినది పశువులశాల. కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్య సాధారణంగా గొడ్డు అవుతుంది. ఆంగ్లేయ రైతులు దానిని ఫ్రీమార్టిన్ అంటారు. వియన్నాలో కెల్లర్, టాండ్లర్; షికాగోలో ఫ్రాంక్ లిల్లీ ఈ కవలల మావిలో రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉండడం గమనించారు. అన్న రక్తం చెల్లెలిలో ప్రవహించి ఆమె అండాశయాన్ని చెడగొడుతున్నదని 1916లో లిల్లీ ఊహించాడు. ఊహ బాగుంది. కాని ప్రకృతి చేసినదానిని చూసి ఊహించడం వేరు, తాను చేసి చూడడం వేరు.

తరువాత రసాయనవేత్తలు రంగంలోకి దిగారు. 1931లో బూటెనాంట్ బెర్లిన్ పోలీసుల మూత్రం 15,000 లీటర్లు కాచి వడపోసి 15 మిల్లీగ్రాముల ఆండ్రోస్టిరోన్ సాధించాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ బృందం 100 కిలోల ఎద్దు ముష్కాల నుండి 10 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోన్ తీసింది. ఇక గర్భిణీ జంతువులకు ఈ ద్రవ్యాలను సూదిద్వారా ఎక్కించడం మొదలైంది. ఫలితాలు ఒకదానికొకటి పొసగలేదు. బయటినుండి పెద్ద మోతాదు పోసినంత మాత్రాన పిండం తన సొంత గ్రంథితో ఏమి చేసుకుంటున్నదో తెలియదు గదా! గ్రంథి తీసివేయాలి. అది పిండంలోనే జరగాలి.

అసాధ్యమనిపించే ఆ పనినే జోస్ట్ తలకెత్తుకున్నాడు. కుందేలు గర్భకాలం నెల రోజులు. 19వ రోజు ప్రాంతంలో తల్లి కడుపు తెరిచి, గర్భాశయపు గోడను కోసి, బొటనవేలంత కూడా లేని పిండం వెనుకభాగాన్ని బయటికి తెచ్చి, దాని బీజకోశాలను తొలగించి, తిరిగి లోపల పెట్టి కుట్టివేయాలి. పిండం బ్రతికి ఇంకా తొమ్మిది పది రోజులు పెరగాలి. ఎన్ని పిండాలు పోయి ఉంటాయో, ఆ తల్లికుందేళ్ళు ఎంత బాధ పడి ఉంటాయో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ చేతి నేర్పును మాత్రం మెచ్చుకోక తప్పదు.

ఇక్కడ ఒక చిన్న వివరణ. ప్రతి పిండంలోను మొదట రెండు జతల నాళాలుంటాయి. వుల్ఫ్ నాళాలు నిలిస్తే శుక్రవాహికలవుతాయి. ముల్లర్ నాళాలు నిలిస్తే అండవాహికలు, గర్భాశయం అవుతాయి. (ఈ ముల్లర్ సంపాదకత్వం వహించిన పత్రికలోనే బెర్తోల్డ్ వ్యాసం అచ్చయింది.) జోస్ట్ బీజకోశాలు తీసిన పిండాలన్నీ, అవి మగవైనా ఆడవైనా, ఆడ రూపంలోనే పెరిగాయి. 24వ రోజున తీస్తే మార్పు దాదాపు లేదు. అప్పటికే ముష్కం తన పని ముగించింది.

అసలు రుచి ఆ తరువాతి మెట్టులో ఉంది. ముష్కం తీసిన పిండంలో టెస్టోస్టిరోన్ స్ఫటికాన్ని ఉంచాడు. వుల్ఫ్ నాళాలు నిలిచాయి, బయటి అవయవాలు మగరూపు దాల్చాయి. కాని ముల్లర్ నాళాలు పోలేదు! అదే ఆడపిండంలో అండాశయం పక్కన ముష్కపు ముక్కను నాటితే, ఆ వైపు ముల్లర్ నాళం క్షీణించింది. అంటే ముష్కం ఒకటి కాదు, రెండు సందేశాలు పంపుతున్నది: ఒకటి నిలబెట్టేది, ఒకటి తుడిచివేసేది. సాధించదలచినది సగమే జరిగితే పొరపాటు ఎక్కడని వెతికేవారే ఎక్కువ. జోస్ట్ ఆ మిగిలిన సగాన్నే సాక్ష్యంగా తీసుకున్నాడు.

ఇది కుందేళ్ళ ముచ్చటగా మిగిలిపోలేదు. కొందరు బాలికలు ఈడు వచ్చినా రజస్వల కారు. పరీక్షిస్తే ఎక్స్-వై క్రోమోసోములు, కడుపులో ముష్కాలు, గర్భాశయం మాత్రం లేదు. 1953లో అమెరికా వైద్యుడు జాన్ మోరిస్ ఇటువంటివారిని 82 మందిని వర్ణించాడు. వారి శరీరం టెస్టోస్టిరోన్‌ను గ్రహించలేదు, కనుక బాహ్యరూపం స్త్రీది. రెండవ సందేశం మాత్రం అందింది, కనుక గర్భాశయం ఏర్పడలేదు. జోస్ట్ లెక్క తెలియకపోతే ఆ బిడ్డకు, ఆ తల్లిదండ్రులకు వైద్యుడు ఏమి చెప్పగలడు? శాపమనో పాపమనో ఊరు చెప్పేదే మిగులుతుంది.

జోస్ట్ శిష్యురాలు నతాలీ జోసో ఆ రెండవ ద్రవ్యం వెంట ఏళ్ళ తరబడి నడిచింది. 1986లో దాని జన్యువు చేతికి చిక్కింది. ఏ.ఎమ్.హెచ్. అని పేరు. తమాషా ఏమిటంటే, గర్భాశయాన్ని ఏర్పడనీయని ఈ ‘మగ’ హార్మోను పుట్టిన తరువాత అండాశయంలోనూ తయారవుతుంది. నేడు హైదరాబాదు సంతాన సాఫల్య కేంద్రాలలో స్త్రీలకు ఇంకా ఎన్ని అండాలు మిగిలి ఉన్నాయో అంచనా వేయడానికి రాసే రక్తపరీక్ష ఇదే.

ఇక అరిస్టాటిల్ సంగతి. ఏ సందేశమూ లేకపోతే స్త్రీ అని ఉంది కనుక స్త్రీత్వం లేమి అని తీర్మానించినవారు పక్షులను చూడలేదు. ఫ్రాన్సులోనే ఎటియెన్ వోల్ఫ్ బాతు పిండాలలో బీజకోశాలను నాశనం చేస్తే వాటి గొంతుపెట్టె మగబాతుదిగా తయారైంది. ముసలి ఆడనెమలికి మగనెమలి ఈకలు మొలవడాన్ని 1780లోనే జాన్ హంటర్ వర్ణించాడు. అక్కడ ‘లేమి’ మగవాడిదన్నమాట! మన వ్యాకరణంలోనూ చూడండి: మహత్తు కానిదంతా అమహత్తు. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’, క్రియ ఒక్కటే. బహువచనానికి వచ్చేసరికి ఆమె మహత్తుల పంక్తిలో చేరి ‘వారు వచ్చారు’ అవుతుంది. కాదు అన్న గుర్తుతో చెప్పినంత మాత్రాన వస్తువు శూన్యమవుతుందా?

జోస్ట్ పరీక్షించినది నాళాలను, బాహ్యావయవాలను. అండాశయం తనంత తాను ఏర్పడుతుందని ఆయన ప్రయోగం చెప్పలేదు. 1990లో లండన్ పరిశోధకులు వై క్రోమోసోము మీద ముష్కాన్ని పుట్టించే జన్యువును కనుగొన్నారు. అండాశయానికి సొంత జన్యువులున్నాయని తరువాత తేలింది. ఫాక్స్-ఎల్-2 అనే జన్యువును పెరిగిన ఆడ చిట్టెలుకలో తొలగిస్తే అండాశయ కణాలు ముష్కకణాల పోలిక తెచ్చుకుంటాయని 2009లో చూపారు. ఆ వయసులో కూడా అండాశయం తనను తాను కాపాడుకుంటూనే ఉండాలన్నమాట.

వుల్ఫ్ నాళాలు ఆడపిండంలో టెస్టోస్టిరోన్ అందక వాటంతటవే ఎండిపోతాయని ఏడు దశాబ్దాలు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 2017లో అమెరికాలో ఫే ఝావో, హంఫ్రీ యావో ఆడ చిట్టెలుక పిండంలో కూప్-టి.ఎఫ్.-2 అనే ఒక ప్రోటీనును లేకుండా చేశారు. టెస్టోస్టిరోన్ ప్రభావం లేకున్నా మగనాళాలు పోలేదు, ఆడనాళాల పక్కనే నిలిచి ఉన్నాయి.