మొక్కు ముందు, నమ్మకం వెనుక: హైదరాబాదు పాతబస్తీలో వ్యక్తిగత విశ్వాసం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. 1578 నాటి పురానాపూల్ మాత్రం నిలిచింది. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్, ప్రధానమంత్రి మహారాజా కిషన్ పర్షాద్ సలహాతో లాల్‌దర్వాజా అమ్మవారికి మొక్కి, పట్టుచీర, ముత్యాలు, పసుపు కుంకుమలు మూసీకి సమర్పించాడని, ఆ తరవాతే నది శాంతించిందని అక్కడి సింహవాహిని మహంకాళి గుడి సంప్రదాయం చెబుతుంది.

ఈ కథ వినగానే చదువుకున్నవాళ్లు అడిగేది, ఇది నిజంగా జరిగిందా అని. ఆ వెంటనే, ముస్లిం పాలకుడు అమ్మవారిని నమ్మాడా అని. రెండూ అడగదగినవే. అయితే మతవిశ్వాసం మనిషిలో ఎలా కుదురుకుంటుందో తెలుసుకోవాలంటే అడగవలసింది ఇంకొకటి ఉంది. నమ్మాడు కాబట్టి మొక్కాడా, లేక మొక్కాడు కాబట్టి ఆ ఊరు ఇంతగా నమ్మిందా? పాతబస్తీ వరకు రెండోదానికే సాక్ష్యం బలంగా ఉందని ఈ వ్యాసం వాదన. ఇక్కడ ఆచారం ముందు నడుస్తుంది, దాని వెనుక నమ్మకం వస్తుంది, కారణాలు చెప్పడం అన్నిటికంటే ఆఖరున.

వరద తరవాత ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. మూసీ భయం చాలావరకు తగ్గింది. ఆషాఢంలో లాల్‌దర్వాజాకు వచ్చే బోనాలు మాత్రం తగ్గలేదు. భయం నుంచే భక్తి పుడుతుందనే వాదం ఇక్కడ సగమే నిలుస్తుంది. మొక్కించింది భయమే కావచ్చు. భయం పోయాక కూడా మిగిలేది బాకీ. ఒకసారి ఆదుకున్న తల్లికి ఏటా చెల్లించాల్సింది ఉంటుంది. దాన్ని చెల్లిస్తూ పెరిగిన పిల్లలకు వరద కథ తరవాతెప్పుడో తెలుస్తుంది.

విశ్వాసానికి మూలమేమిటన్న ప్రశ్న పాతదే. ఇమాం గజాలీ (1058–1111) తన జీవితాన్ని తానే పరీక్షించుకున్న గ్రంథంలో, క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడం గమనించాకే తనలో విచారణ మొదలైందని రాసుకున్నాడు. తత్త్వవేత్త విలియం జేమ్స్ 1902లో వెలువరించిన తన గ్రంథంలో, మనిషి ఏకాంతంలో పొందే అనుభవాన్ని మతానికి ఊటగా చూశాడు. 1912లో సామాజిక శాస్త్రవేత్త దుర్ఖైమ్ ఆ ఊటను గుంపులో, పండుగలో వెతికాడు. ఈ ముగ్గురినీ పాతబస్తీ గల్లీల్లోకి తెచ్చి నిలబెడితే ఒక్కొక్కరి మాటలో కొంత నిజం, కొంత వెలితి కనిపిస్తాయి.

కిషన్ పర్షాద్ (1864–1940) ఇంటినే చూడండి. ఆయన ఖత్రీ హిందువు. హిందూ భార్యలూ ఉన్నారు, ముస్లిం భార్యలూ ఉన్నారు. హిందూ తల్లుల పిల్లలు హిందువులుగా, ముస్లిం తల్లుల పిల్లలు ముస్లింలుగా పెరిగారు. తండ్రి ఒకడే, ఇంటి పేరు ప్రతిష్ఠలు ఒకటే. మతం మాత్రం తల్లి ఒడి నుంచి వచ్చింది. గజాలీ గమనించింది ఇక్కడ ఒకే కుటుంబంలో రుజువైంది. మరి ఆ తండ్రి సంగతి? ‘షాద్’ అనే కలం పేరుతో ఉర్దూ, పారశీ భాషల్లో కవిత్వం రాసిన ఈ హిందూ ప్రధానమంత్రి ప్రవక్తను కీర్తిస్తూ నాత్‌లు రాశాడు, సూఫీ మార్గాన్ని ప్రేమించాడు. పుట్టుక ఆయనకు మతం పేరు ఇచ్చింది. ఎవరి ముందు మనసు కరుగుతుందో అది నిర్ణయించలేదు. గజాలీ మాట ఆగిపోయే చోటు ఇదే.

ఏలూరు ప్రాంతపు జాఫర్ షరీఫ్ సమకూర్చగా హెర్క్లాట్స్ ఇంగ్లీషులోకి తెచ్చిన ‘ఖానూన్-ఎ-ఇస్లాం’ 1832లో లండన్‌లో అచ్చయింది. దక్కన్ ముస్లింల ఆచారాలను పుట్టుక నుంచి చావు దాకా వివరించిన పుస్తకం అది. మొహర్రంలో మొక్కు కోసం ఫకీరు వేషం కట్టడం గురించి, ఆ పండుగలో హిందువులు పాల్గొనడం గురించి అందులో ఉంది. ఆ ఆచారం మన ఇళ్లకూ తెలిసినదే. పిల్లలు దక్కని తల్లి, బిడ్డ బతికితే మొహర్రానికి ఫకీరును చేస్తానని మొక్కుకుంటుంది. బిడ్డ బతికాక చేస్తుంది. నాలుగేళ్ల పిల్లవాడికి ఆకుపచ్చ జుబ్బా తొడిగి, మెడలో ఎర్ర పచ్చ దారం వేసి, భుజాన చిన్న జోలె తగిలించి నాలుగు ఇళ్ల ముందు నిలబెడుతుంది. జోలెలో మలీద పడుతుంది, చిల్లర పడుతుంది. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ ఎలా ప్రాణాలిచ్చాడో ఆ పిల్లవాడికి తెలియదు. తన ప్రాణం ఎవరికో బాకీ ఉందని మాత్రం తెలుస్తుంది. అతని మతవిశ్వాసంలో మొదటి అక్షరం అదే. ఇమాం హుసేన్ చరిత్ర, ధర్మాధర్మాల చర్చ పెద్దయ్యాక ఆ అక్షరం పక్కన చేరతాయి.

నగరం తన గురించి చెప్పుకునే కథల్లో కూడా ఇదే వరుస. కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం కొడుకు అబ్దుల్లాను మదించిన ఏనుగు అడవిలోకి తీసుకుపోయిందట. కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఏనుగు కాలి గొలుసంత బంగారు గొలుసు చేయించి, హుసేనీ ఆలం దగ్గర పేదలకు పంచుతానని తల్లి మొక్కింది. కొడుకు వచ్చాడు, మొక్కు తీరింది. అదే లంగర్ ఊరేగింపుగా మారి, ఆసఫ్‌జాహీల కాలానికి సైన్యం కవాతు చేసే మహా వేడుకయింది. ఒక తల్లి దిగులు రాజ్యం ఆచారంగా ఎదిగింది. దబీర్‌పురాలోని బీబీ కా అలావాలో ఉండే బీబీ కా ఆలం (మొహర్రం ధ్వజం) కూడా ఆమె పేరుతోనే ముడిపడి ఉంది. ప్రవక్త కుమార్తె ఫాతిమాకు అంత్యస్నానం చేయించిన చెక్కలో ముక్క అందులో ఉందని భక్తుల విశ్వాసం. మొహర్రం పదో రోజున ఆ ఆలం ఏనుగు మీద దబీర్‌పురా నుంచి చార్మినార్, గుల్జార్‌హౌజ్, పంజేషా, మండి మీరాలం, దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్ చేరుతుంది. దారి పొడవునా మాతం, గుండెలు బాదుకుంటూ శోకం. ఆలానికి ధట్టీ (మొక్కు బట్ట) సమర్పించడానికి వచ్చేవాళ్లలో షియాలు, సున్నీలు, హిందువులు ఉంటారు. ఆ బట్టను పైకి అందించే చేయి ఏ మతానిదో ఏనుగు మీద నుంచి చూసేవాడికి తెలియదు. ఏ కష్టం తీరిందని అందిస్తోందో ఆ చేతికి మాత్రమే తెలుసు.

ఇక బోనం. కొత్త కుండకు సున్నం, పసుపు పూసి, వేపరెమ్మలు కట్టి, లోపల పాలు బెల్లంతో వండిన అన్నం పెట్టి, పైన దీపం వెలిగించి తలకెత్తుకుంటారు. హరిబౌలిలోని గుడి అక్కన్న మాదన్నల పేరుతో ఉంది. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో మంత్రాంగం నడిపి 1686లో హత్యకు గురైన అన్నదమ్ములు వారు. ఆ గుడి ఘటం, అంటే అమ్మవారి కలశం, ఏనుగు మీద ఊరేగుతుంది. పాతబస్తీలో ఇద్దరు తల్లులకూ ఏనుగే వాహనం కావడం నాకెప్పుడూ సంతోషం కలిగించే విషయం.

బోనాల్లో పరిశోధకులు నిలిచి చూడవలసింది పూనకం. జేమ్స్ చెప్పిన వ్యక్తిగత అనుభవానికి ఇంతకంటే తీవ్రమైన రూపం ఉండదు. ఒకామెకు మొదటిసారి ఒళ్లు ఊగుతుంది, జుట్టు విడిపోతుంది, మాట మారుతుంది. ఆ క్షణంలో ఆమె చుట్టూ ఉన్నవాళ్లు చేసే పని చూడాలి. ఒకరు సాక పోస్తారు, ఒకరు చేతికి వేపమండ ఇస్తారు. పెద్దావిడ ఎదురుగా నిలబడి, “ఎవరు తల్లీ నువ్వు? మేమేం తక్కువ జేసినం?” అని అడుగుతుంది. వచ్చింది ఎల్లమ్మా, పోచమ్మా, మైసమ్మా అన్నది ఈ ప్రశ్న జవాబుల్లోనే తేలుతుంది. దీపం పెట్టడం మానేశారనో, మొక్కు మరిచిపోయారనో తల్లి చెబుతుంది. తప్పు ఒప్పుకుని, మళ్లీ ఏడాదికి గండ దీపం పెడతామని ఇంటివాళ్లు మాట ఇస్తారు. తెలివి వచ్చాక ఆమెకు జరిగింది తెలియకపోవచ్చు, ఆమెకు ఏం జరిగిందో వాడకట్టంతటికీ తెలుసు. తనలో ఎవరు వచ్చారో ఇతరుల నోట విని ఆమె నమ్ముతుంది. లోపలి అనుభవం ఎంత సొంతమైనదైనా, దానికి పేరు పెట్టేది బయటివాళ్లే. అందుకే ఏకాంతమా, గుంపా అన్న జేమ్స్, దుర్ఖైమ్‌ల పేచీ ఇక్కడ తీరదు, తీర్చాల్సిన అవసరమూ లేదు. రెండూ ఒకే క్షణంలో జరుగుతున్నాయి.

మొక్కు ఫలించకపోతే? తర్కం ప్రకారం నమ్మకం సడలాలి. కొందరికి సడలుతుంది కూడా. చాలామంది మాత్రం మొక్కిన తీరులో లోటు వెతుకుతారు, కాకపోతే ఇంకో గడప తొక్కుతారు. గుడిలో తీరనిది దర్గాలో, దర్గాలో తీరనిది చర్చిలో. హైదరాబాదులో ఒక ముస్లిం మహిళ రోగులకు తావీజులు రాసిచ్చే గదిని ఏళ్ల తరబడి పరిశీలించి జాయిస్ ఫ్లూకిగర్ 2006లో ప్రచురించిన గ్రంథంలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఒకే వరుసలో కూర్చుని ఉంటారు. గంగా జమునా తెహజీబ్ అని మనం గొప్పగా చెప్పుకునే హిందూ ముస్లింల ఉమ్మడి సంస్కృతిని ఉదార భావాల ఫలితంగా చూపడం రివాజు. ఆ ఉదారత నిజమే. దాని కింద ఇంకా గట్టి పునాది ఉంది: జ్వరం తగ్గని బిడ్డ, కడుపు పండని కోడలు, తాగుడు మానని భర్త. ఎదుటి మతాన్ని సహించాలన్న పాఠం చదివి కాదు, తమ గడపలో పని జరగక జనం ఎదుటి గడప ఎక్కారు. పని జరిగాక ఆ గడపకు కృతజ్ఞులుగా మిగిలారు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఉంది. మొక్కుబడులు విశ్వాసం కాదని, విశ్వాసం జ్ఞానం వల్లే వస్తుందని చెప్పే ఆలిములు (ఇస్లాం పండితులు) పాతబస్తీలో ఎప్పుడూ ఉన్నారు. 1876లో అన్వారుల్లా ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియా అక్కడే, తరతరాలుగా ఖురాన్, హదీసు, ఫిఖా (ధర్మశాస్త్రం) బోధిస్తోంది. షియాల సంతాప సభలైన మజ్లిస్‌లలో జాకిరు (ప్రసంగకర్త) మొదట ధర్మం వివరించి, ఆ తరవాతే కర్బలా దుఃఖంలోకి శ్రోతలను తీసుకుపోతాడు; ఆ ప్రసంగాల మీద టోబీ హోవార్త్ 2005లో ఒక గ్రంథమే వెలువరించాడు. చదివి, ఆలోచించి మతాన్ని చేరినవాడి ఉదాహరణ కావాలంటే మార్మడ్యూక్ పిక్తాల్ ఉన్నాడు. ఈ ఆంగ్ల నవలాకారుడు 1917లో ఇస్లాం స్వీకరించి, 1925లో హైదరాబాదు వచ్చి, చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. ఆయన ఖురాన్ అనువాదం 1930లో వెలువడింది. కానీ ఆయన కథ మొదలైంది పుస్తకంతో కాదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వయసులో సిరియా, పాలస్తీనాల్లో అక్కడి బట్టలు కట్టి, అక్కడివాళ్లతో తిరిగాడు. దమస్కులో ఇస్లాంలోకి వస్తానంటే ఉమయ్యద్ మసీదు షేక్ వద్దన్నాడు: నీకు ఇంకా వయసు రాలేదు, ఇంట్లో తల్లి ఉంది, ఆగు అని. ఆ మర్యాద ఆయన మనసులో రెండు దశాబ్దాలకు పైగా ఉండిపోయింది. చదువు దాన్ని స్థిరపరిచింది. చదువు విలువను తగ్గించడం నా ఉద్దేశం కాదు. అది ఎక్కడ పనిచేస్తుందో చూపడమే. అప్పటికే వంగిన తలకు ఎందుకు వంగావో అది చెబుతుంది.

1970ల చివరి నుంచి ఈ వరుసకు పక్కన మరొకటి వచ్చి చేరింది. 1978 నుంచి 1990 దాకా పాతబస్తీ పదేపదే మత ఘర్షణలకు లోనయింది. బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్ చేరే గణేశ్ నిమజ్జన ఊరేగింపు విస్తరించింది కూడా ఈ కాలంలోనే. 1990 డిసెంబరు అల్లర్ల తరవాత ఇక్కడి హిందూ, ముస్లిం కుటుంబాలతో మాట్లాడి సుధీర్ కక్కడ్ 1996లో రాసిన గ్రంథం, భయం మధ్య మనిషి తన మతాన్ని ఎలా కౌగిలించుకుంటాడో మానసిక విశ్లేషకుడి చూపుతో వివరిస్తుంది. ఈ కొత్త విశ్వాసానికి బిడ్డ జ్వరం అక్కర్లేదు, తీరిన కష్టం అక్కర్లేదు. ఎదుటివాడు ఉంటే చాలు. మొక్కుతో వచ్చిన నమ్మకం మనిషిని ఇంకో గడపకు తీసుకుపోగలదు. ఇది ఆ గడపను మూసేస్తుంది. రెంటినీ మతవిశ్వాసం అనే ఒకే పేరుతో పిలవడం వల్ల మన సర్వేలు, చర్చలు దారి తప్పుతున్నాయని నా గట్టి అభిప్రాయం. పండుగ నాడు రోడ్డు మీది జనాన్ని లెక్కపెట్టి భక్తి పెరిగిందని తేల్చేవాళ్లు, ఆ జనంలో ఎందరు బాకీ తీర్చడానికి వచ్చారో, ఎందరు బలం చూపడానికి వచ్చారో అడగడం లేదు.

అడిగే మార్గం ఉంది. జనగణన కాగితంలో ఒక మనిషికి ఒకే మతం రాస్తారు. మొక్కు మాత్రం పేరులో మిగిలిపోతుంది. తెలుగు నేల మీద హిందూ ఇళ్లల్లో పుట్టిన హుస్సేనయ్యలు, పీరయ్యలు, మస్తానమ్మలు ఎందరో. సూర్యాపేట జిల్లా జాన్‌పహాడ్ దర్గాకు మొక్కితే పుట్టిన సైదులు, సైదమ్మలు నల్లగొండ ప్రాంతమంతా ఉన్నారు. బతుకుదెరువుకు ఆ జిల్లాల నుంచి నగరానికి వచ్చిన కుటుంబాలతో పాటు ఆ పేర్లూ వచ్చాయి. బడుల ప్రవేశ రిజిస్టర్లలో అవి పుట్టిన తేదీలతో సహా నమోదై ఉంటాయి. పాతబస్తీ బడుల పాత రిజిస్టర్లు తెరిచి, దశాబ్దం వారీగా ఆ పేర్లను వరుసలో పెట్టాలి. అవి ఏ ఏళ్లలో పలచబడ్డాయో 1978, 1990ల పక్కన పెట్టి పోల్చాలి. వాటిని పెట్టిన తల్లులు, అమ్మమ్మలు కొందరు ఇంకా ఉన్నారు. వాళ్లను అడిగి రాసుకోవడం రిజిస్టర్ల కంటే ముందు జరగాలి.