గాలికి ఎదురుగా దిగుట

1903 డిసెంబరు 17న అమెరికాలో రైటు సోదరులు గంటకు 20 మైళ్లకు మించిన ఎదురుగాలిలో వంతులవారిగా నాలుగుమారు లెగిరిరి. తొలి యెగురుట 12 సెకండ్లు, కడపటిది 59. పిదప నేలపై నిలిపిన యా యంత్రమును ఒక్క గాలివిసురు తలక్రిందులు చేసెను. ఎత్తిన గాలియే పడద్రోసినది!

గాలిపటము లెగురవేయు మా బడిపిల్లలకు నే నిట్లు చెప్పుచుంటిని: ఎదురుగాలి విమానమునకు ఊత, అందు దిగిన, నేలపై వేగము తగ్గి కొద్దిచోటనే ఆగును. ఉరవడిగాలి యట్లు గాదు. అది చప్పున అణగినచో ఱెక్కల యూత సడలి చిన్నవిమానము దిగజాఱును. నేల దాపున సర్దుకొనుటకు ఎడ ముండదు. కావుననే చోదకుడు కొంత హెచ్చువేగముతో వచ్చును.

ఆంగ్లేయులనాటి మన మధురపూడి విమానాశ్రయపు దారి ఈశాన్య నైరృతులకు సాగును; తొలకరిగాలియు నైరృతిదే. అయినను ఉరుములగాలికి దిక్కు నియమము లేదు. దిగబోయిన విమానము మరల పైకి లేచినచో చూచువారు బెదరవలదు. చోదకుడు జంకెనని నవ్వనువలదు. రెండవమారు దిగుటకో, వేఱొక యూరికి పోవుటకో వలసిన యింధనమును ముందే నింపి యుందురు.