క్షమాపణ ఎవరు చెప్పాలి?



మొన్న శ్రమదినాల్లో మన మందిరం గోడకు తెల్ల దుప్పటి కట్టి 'కరుణామయుడు' వేసుకున్నాం, గుర్తుంది కదా. పిల్లలు చాపల మీద, పెద్దవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీల్లో. సిలువ మోసే ఘట్టం రాగానే ఎప్పటిలాగే ఆడవాళ్ళంతా కొంగులతో కళ్ళొత్తుకున్నారు. సినిమా అయిపోయాక నేను దుప్పటి మడత పెడుతుంటే మన సంఘంలో ఒక అక్క దగ్గరికొచ్చి నిలబడింది. పేరు చెప్పను. భర్త చనిపోయిన ఏడాదే, అయినవాళ్ళు మామిడితోటలో ఆమె వాటాను తమ పేర రాయించుకున్నారు. తిరువూరు చుట్టుపక్కల మామిడితోట అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

"పాస్టరుగారూ, వాళ్ళు ఒక్కసారన్నా నాకు క్షమాపణ చెప్పలేదండి. నేనెట్టా క్షమాపణ ఇచ్చేది?" అంది.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎందుకంటే రెండేళ్ళ క్రితం ప్రభువు బల్లకు ముందు నేనే ఆమెనూ వాళ్ళనూ పిలిచి, చేయీ చేయీ కలిపించి, ప్రార్థన చేసి, పని అయిపోయిందనుకున్నాను. తోట ఊసు ఎత్తలేదు. ఎత్తితే గొడవవుతుందని భయం.

ఆ రాత్రి ఆ మాటే నన్ను పట్టుకుంది. మన తెలుగులో 'క్షమాపణ' అనే ఒక్క మాటనే రెండు పనులకు వాడతాం. తప్పు చేసినవాడు చెప్పేదీ క్షమాపణే. మందిరంలో పాపక్షమాపణ అన్నప్పుడు, దెబ్బతిన్నవాడు ఇచ్చేదీ క్షమాపణే. మాట ఒక్కటే కాబట్టి రెండూ ఒకేసారి జరిగిపోతాయని మనకు తెలియకుండానే అనుకుంటాం. సినిమాల్లో నిజంగానే ఒకేసారి జరుగుతాయి.

'కరుణామయుడు' తీసినాయన సంగతే చూడండి. దర్శకుడు ఎ. భీంసింగ్. మద్రాసులో ఎడిటింగు పని నేర్చుకుని పైకొచ్చినవాడు, కుటుంబ కథలకు పెట్టింది పేరు. 1961లో శివాజీ గణేశన్‌తో ఆయన తమిళంలో 'పావ మన్నిప్పు' తీశారు. ఆ పేరుకు అర్థమే పాపక్షమాపణ. తెలుగులోకి 'పాప పరిహారం' పేరుతో డబ్బింగు అయింది. అందులో ఒక వజ్రాల వ్యాపారి కన్నకొడుకు ముస్లిం వైద్యుడి ఇంట రహీంగా పెరుగుతాడు. ఆ సంగతి తెలియని తండ్రి పగబట్టి, ఆ కుర్రవాడి ముఖం యాసిడ్‌తో కాలిపోయేలా చేస్తాడు. చివరికి నిజం బయటపడుతుంది, తండ్రి పశ్చాత్తాపపడతాడు, కుటుంబం కలుస్తుంది. ఆ సినిమాకు జాతీయ స్థాయిలో బహుమతి కూడా వచ్చింది. మంచి సినిమాయే. కాని గమనించండి, అక్కడ తండ్రి ఏడ్చాకే కొడుకు దగ్గరకు తీసుకుంటాడు. క్షమాపణ తాలూకు రెండు సగాలూ ఒకే రీలులో వచ్చి చేరతాయి.

పదిహేడేళ్ళ తర్వాత అదే దర్శకుడి చేతిలో 'కరుణామయుడు'లో కథ తిరగబడింది. విజయచందర్ యేసుగా నటించిన ఆ సినిమాకు ఫాదర్ క్రిస్టఫర్ కొయిలో కూడా దర్శకత్వంలో చేయి వేశారు. మాటలు మోదుకూరి జాన్సన్ రాశారు. సిలువ మోసే పాట కూడా ఆయనదే, మన గుడ్ ఫ్రైడేకి ఇప్పటికీ అది లేనిదే జరగదు. సినిమా 1978 డిసెంబరులో, క్రిస్మస్ ముందు విడుదలైంది. భీంసింగ్ అది చూడలేదు, ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశారు. తర్వాత హిందీలో 'దయాసాగర్' అయింది. 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లతో సువార్త బృందాలు దాన్ని ఊరూరా తిప్పాయి. నా చిన్నప్పుడు రీలు మార్చేదాకా చీకట్లో కూర్చుని పాటలు పాడుకునేవాళ్ళం.

ఈ సినిమాలో మేకులు కొట్టినవాళ్ళెవరూ ఏడవరు. ఎవరూ వచ్చి తప్పయిందని అనరు. అయినా సిలువ మీద నుంచి మొదటి మాట వస్తుంది. ఏడు మాటల ఆరాధనలో ఏటా మొదటి మాట మీద నేనే వాక్యం చెబుతాను కాబట్టి ఇది నాకు కొత్త కాదు. కొత్తగా తోచిందొకటే. ఆ మాట తండ్రితో అన్నది. సైనికులతో అన్నది కాదు. వాళ్ళతో చేయి కలిపినట్టు ఎక్కడా లేదు.

ఇక మనకు పొరుగునే ఉన్న ఒడిశా సంగతి. గ్రాహం స్టెయిన్స్‌గారు 1965లో ఆస్ట్రేలియా నుంచి వచ్చి, బారిపదలో కుష్ఠురోగుల మధ్య సేవ చేశారు. 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్‌లో బండిలో నిద్రపోతుండగా ఆయన్నీ, పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ తగలబెట్టారు. భార్య గ్లాడిస్‌గారు క్షమించానన్నారు. ఈ ముక్క మనమంతా ప్రసంగాల్లో చెబుతాం. ఆమె ఇంకొకటి కూడా అన్నారు, అది తక్కువగా చెబుతాం: క్షమించడం వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరు, రెంటినీ కలపకూడదని. కేసు నడిచింది. దారాసింగ్‌కు 2003లో పడిన మరణశిక్షను హైకోర్టు 2005లో యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఆమె మాత్రం కూతురితో బారిపదలోనే ఉండి, 2004 వరకు ఆ రోగులను చూసుకున్నారు. 2005లో పద్మశ్రీ ఇచ్చారు.

ఈ కథ మీద 2019లో 'ది లీస్ట్ ఆఫ్ దీజ్' అనే సినిమా వచ్చింది. స్టెయిన్స్‌గా స్టీఫెన్ బాల్డ్విన్ నటించారు. కథంతా షర్మన్ జోషి వేసిన ఒక విలేకరి పాత్ర చుట్టూ నడుస్తుంది, ఆ పాత్ర కల్పితం. నాకు నచ్చింది. అయితే ఆమె అక్కడే గడిపిన ఆ అయిదేళ్ళు రెండు గంటల్లో ఎలా పడతాయి? పొద్దున్నే లేచి, పిల్లల మంచాలు ఖాళీగా ఉన్న ఇంట్లోంచి గాయాలకు కట్టు కట్టడానికి వెళ్ళిన రోజులవి.

మన నేలమీద దెబ్బలూ తక్కువేం కాదు. 1985 జూలై 17న కారంచేడులో మన ప్రజలు ఆరుగురు చంపబడ్డారు. మిగిలినవాళ్ళు చీరాలకు తరలిపోయి, అక్కడే బతుకులు మళ్ళీ కట్టుకున్నారు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది, ఇరవై మూడేళ్ళకు. ఆ మధ్యకాలంలో అలాంటివారి దగ్గరకు పోయి, మరిచిపోండి, సమాధానపడండి అని చెప్పిన బోధకులు ఉంటే వాళ్ళ మీద నాకిప్పుడు కోపం రాదు. నేనూ మామిడితోట విషయంలో అదే చేశాను గనుక.

యోసేపు కథను నేను ఎన్నోసార్లు చెప్పాను, కాని లెక్క ఎప్పుడూ వేయలేదు. పదిహేడేళ్ళప్పుడు అన్నలు అమ్మేశారు. ఫరో ముందు నిలబడేనాటికి ముప్పై. సమృద్ధి ఏడేళ్ళు, కరువులో రెండేళ్ళు గడిచాక అన్నలకు తానెవరో చెప్పాడు. అంటే ఇరవై రెండేళ్ళు. అదీ చూడగానే చెప్పలేదు. ముందు వాళ్ళను పరీక్షించాడు, పక్క గదిలోకి పోయి ఏడ్చాడు, ముఖం కడుక్కుని వచ్చాడు. ఒకనాడు అమ్మేద్దామన్న యూదాయే, తమ్ముడికి బదులు నేను బానిసగా ఉంటానన్నాక గాని గొంతు విప్పలేదు. ఆ తర్వాత యాకోబు ఐగుప్తులో పదిహేడేళ్ళు బతికి చనిపోయాడు. అప్పుడు కూడా అన్నలకు భయం పోలేదు, పగ తీర్చుకుంటాడేమోనని మనిషిని పంపారు. అది విని యోసేపు మళ్ళీ ఏడ్చాడు.

పోయిన వారం ఆ అక్క ఇంటికి వెళ్ళాను. రెండేళ్ళ నాడు తొందరపెట్టినందుకు తప్పయిందని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు, టీ పెట్టింది. తర్వాత అయినవాళ్ళ ఇంటికీ వెళ్ళి, ఈసారి తోట సంగతి ఎత్తాను. కాగితాలు చూద్దాం అన్నారు, ముఖాలు మాడ్చుకునే అన్నారు. రేపు శుక్రవారం పెద్దమనుషులతో కూర్చుంటున్నాం, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

ఈ ఆదివారం కూడా ఆమె వాళ్ళ వాకిలి ముందు నుంచి కాకుండా, చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగే మందిరానికి వచ్చింది. ఎందుకు ఆలస్యమైందని నేను అడగలేదు.