చంద్రుడిపై మంచు అన్వేషణ

చంద్రుడి ధ్రువాల దగ్గర ఎండ సోకని బిలాల అడుగున గడ్డకట్టిన నీరు ఉందా, ఉంటే ఎంత అని తేల్చడానికి సాగుతున్న పరిశోధన ఇది. చంద్రుడి అక్షం ఒకటిన్నర డిగ్రీలే వాలి ఉంటుంది కాబట్టి ధ్రువాల దగ్గర సూర్యుడు నేలను ఆనుకున్నట్టే కనిపిస్తాడు. ఆ ఏటవాలు ఎండను లోతైన బిలాల గట్లు లోపలికి రానివ్వవు. కొన్నిచోట్ల చలి మైనస్ 240 డిగ్రీల సెల్సియస్ దాకా దిగుతుంది. గాలి లేని నేల మీద మంచు ఆవిరైపోవలసిందే, కానీ ఈ చీకటి గుంతల్లో అది యుగాల తరబడి నిలవగలదని శాస్త్రవేత్తలు వాట్సన్, ముర్రే, బ్రౌన్ 1961లో ప్రతిపాదించారు.

ఆధారాలు మాత్రం ఆలస్యంగా, అదీ పరోక్షంగా దొరికాయి. 1994 నాటి క్లెమెంటైన్ వ్యోమనౌక రాడార్ ప్రతిధ్వనుల్లో మంచు జాడ ఉందన్నారు. గరుకు రాళ్లూ అలాంటి ప్రతిధ్వనినే ఇస్తాయని అభ్యంతరం వచ్చింది. 1998లో లూనార్ ప్రాస్పెక్టర్ నౌక న్యూట్రాన్లను లెక్కపెట్టి ధ్రువాల దగ్గర హైడ్రోజన్ ఎక్కువగా ఉందని చూపింది. హైడ్రోజన్ ఉన్నంత మాత్రాన నీరు ఉన్నట్టు కాదు. మరుసటి ఏడాది ఆ నౌకనే దక్షిణ ధ్రువం దగ్గర పడేస్తే నీటి ఆవిరి కనబడలేదు.

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1తో కథ మలుపు తిరిగింది. అందులోని నాసా పరికరం ఎం-క్యూబ్ చంద్రుడి మీద పడి తిరిగొచ్చే కాంతిని పరిశీలించి హైడ్రాక్సిల్, నీటి అణువుల గుర్తులను పట్టుకుంది. 2009 సెప్టెంబరులో ఆ వార్త వెలువడింది. ఇక్కడ ఒక తేడాను గట్టిగా గుర్తుంచుకోవాలి: అది ఎండ పడే నేలలోనూ ఖనిజాలను అంటిపెట్టుకుని ఉండే అతి స్వల్ప తేమ, మంచు గడ్డ కాదు. పత్రికలు రెండింటినీ ‘నీరు’ అనే రాయడం వల్ల ఇప్పటికీ గందరగోళం ఉంది.

2009 అక్టోబరు 9న నాసా ఎల్‌క్రాస్ ప్రయోగంలో రెండు టన్నులకు పైగా బరువున్న ఖాళీ రాకెట్ భాగం కేబియస్ బిలంలో పడింది. ఎగసిన ధూళిలో బరువు ప్రకారం సుమారు 5.6 శాతం నీరు ఉన్నట్టు తేలింది. 2018లో ఎం-క్యూబ్ సమాచారాన్నే మళ్లీ తిరగేసి, నీడ ప్రాంతాల ఉపరితలం మీద మంచు అక్కడక్కడా ఉన్నట్టు గుర్తించారు.

2023లో చంద్రయాన్-3 దక్షిణాన 69 డిగ్రీల అక్షాంశం వద్ద దిగి నేలలోకి థర్మామీటర్ గుచ్చింది. పైన 50 డిగ్రీలకు మించిన వేడి ఉంటే 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10 డిగ్రీలు. మట్టి వేడిని అంతగా అడ్డుకుంటుందంటే, మంచు కోసం శాశ్వత నీడలోనే వెతకనక్కర్లేకపోవచ్చు. 2025 మార్చిలో చంద్రుడిని చేరిన అథీనా ల్యాండర్ మంచు కోసం తవ్వే డ్రిల్లును వెంట తీసుకెళ్లింది గానీ, దిగేటప్పుడు పక్కకు ఒరిగిపోవడంతో తవ్వలేకపోయింది.